పెద్ద నావయే మేలనువారికి

ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు ప్రాంతములలో పుట్టి పెరిగి, ఉద్యోగములకై సముద్రములు దాటి, హ్యూస్టన్ మొదలగు నగరములలో స్థిరపడిన మనవారిలో కొందరికి ఇటీవల తెరచాప నావ నొకదానిని కొని, సెలవుదినములలో భార్యాబిడ్డలతో జలవిహారము చేయవలెనన్న అభిలాష కలుగుచున్నది. తాతముత్తాతలు కొల్లేటి నీటిపై తిరిగినవారు కావున ఇది రక్తగతమైన సంస్కారమని నేను చెప్పబోను. అట్టి మాటలు సన్మానసభలకు పనికివచ్చును. చేతిలో నాలుగు డబ్బులు, వారాంతమున రెండు దినముల తీరిక, ఇంటికి సమీపమున గాల్వెస్టన్ అఖాతము ఉన్నవానికి ఆ కోరిక పుట్టుటలో వింత లేదు. వింతయంతయు తరువాతి ఘట్టములో నున్నది. 30 అడుగుల నావ యొకటి, 42 అడుగుల నావ యొకటి, రెండును ఇదివరకు ఒకరు వాడినవే, రెండును అతని శక్తికి అందుబాటులోనివే, ఎదుట నిలిచియుండగా, వాని గుణదోషములను నిదానముగా తూచి చూడవలెనని అతడు కూర్చున్నంతనే, నావలమ్మువారు, నావలున్నవారు, నావ మొగమెరుగని మిత్రులు, తుదకు బావమరదులు సైతము ఏకకంఠముగా తీర్పు చెప్పివేయుదురు: సొమ్మున్నంతలో పెద్దదే కొనుము, పెద్దది భద్రము, పెద్దది వేగము, పెద్దది సుఖము, చిన్నది కొనినవాడు రెండేండ్లు తిరుగకుండ దానిని వదిలించుకొని పెద్దదానికొరకు మరల వెదకును అని. ఇంతటి సార్వజనీనమైన అభిప్రాయమును కాదనుట సాహసమే. అయినను ఇందులో సగము అసత్యమనియు, మిగిలిన సగము చోటు తప్పిన సత్యమనియు నా వాదము.

ఈ అభిప్రాయము మనవారికి అంత సులభముగా రుచించుటకు ఒక చారిత్రక కారణము కలదని నాకు తోచుచున్నది. 1852లో ధవళేశ్వరమువద్ద గోదావరిపైనను, 1855లో బెజవాడవద్ద కృష్ణపైనను ఆనకట్టలు ముగిసిన పిదప, డెల్టాలో సాగిన కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక సరకులకు బాటలును అయినవి. ఏలూరు కాలువ ఆ రెండు నదుల నీటిబాటలను ఏకము చేసినది. రైలును లారీయు వచ్చి ఆ వర్తకమును కబళించువరకు వడ్లు, బియ్యము, ఉప్పు, కలప ఆ నీటిమీదనే ప్రయాణించినవి. గాలి అనుకూలించినప్పుడు తెరచాప యెత్తి, అనుకూలింపనప్పుడు గట్టుమీద మనుష్యులు తాడు భుజమున వేసికొని లాగుచు నడిపిన ఆ పడవలను జనులు ఎన్ని బస్తాలు పట్టునన్న లెక్కతోనే కొలిచిరి. వారి పనికి అది సరియైన కొలతయే. రెండువందల బస్తాల పడవకు చాలిన మనుష్యులే ఇంచుమించుగా మూడువందల బస్తాల పడవకును చాలుదురనుకొన్నచో, అదనముగా పట్టిన నూరు బస్తాల కిరాయి యజమానునికి మిగులును. కావున లాకుల తలుపులలో పట్టినంతమేరకు పడవ ఎంత పెద్దదైన నంత మేలు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపైనున్న రెండు కొయ్యల ఓడబొమ్మను చూపి, మన పూర్వులు చిన్న పడవలతో తృప్తిపడలేదని ఉపన్యసించువారు గూడ ఈ సంగతిని గమనింపరు. ఆ ఓడ దూరదేశపు వర్తకమును తలపించునది. కోరంగిలో కట్టిన ఓడలును వర్తకమునకై కట్టినవే. అచ్చట పెద్దతనము కిరాయిని తెచ్చినది. విహారనావ ఏ కిరాయిని తెచ్చును? దాని గర్భములో బస్తాలు లేవు. యజమానుడే దాని సరకు, యజమానుడే దాని సరంగు, యజమానుడే దాని కళాసి, ఖర్చు చెల్లించువాడును అతడే. సరకుల పడవనాటి బుద్ధిని మోసికొనిపోయి సరకులేని నావకు అంటగట్టుటయే ఈ లోకాభిప్రాయమునకు మూలము.

నీటి వైశాల్యమును బట్టి నావ పరిమాణము నిర్ణయింపవలెనన్న భ్రమ గూడ కొందరికి కలదు: సముద్రము పెద్దది కావున నావయు పెద్దది కావలెనట. దీనికి కొల్లేరే సమాధానము. అయిదవ కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు, పదవ కాంటూరు వరకు నిండినచో 900 చదరపు కిలోమీటర్లు విస్తరించు ఈ సరస్సున, బుడమేరును తమ్మిలేరును దింపిన వరద ఉప్పుటేటి దారిన సముద్రము చేరువరకు కన్నుపారినంతమేర నీరే యుండినను, తరతరములుగా దానిపై తిరిగినది తాటిమానును తొలిచిన దోనె. ఒక మనుష్యుడు నిలుచుండి గడ వేయుచు, కిక్కిసలోనికి దూరి, మావులెత్తి, పడిన చేపను వేసికొని తిరిగివచ్చుటకు అది చాలును. అంత నీటికి ఇంత సన్నని దోనెయా యని పైవాడు నవ్వవచ్చును. కాని దోనె కొలత సరస్సు వెడల్పునుండి పుట్టలేదు, సరస్సు లోతునుండియు గడ వేయువాని భుజమునుండియు పుట్టినది. బరువు మిక్కుటమైన దినమున రెండు దోనెలను జతకట్టి సంగడము చేసికొనిరి. పని తీరగనే విప్పుకొనిరి. క్రీస్తుశకపు తొలి శతాబ్దమున పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన పెరిప్లసులో, ఈ తూర్పుతీరమున ఒంటి దుంగలను జతకట్టి చేసిన సంగర అను పెద్ద నావలు పేర్కొనబడినవి గనుక ఈ తెలివి నిన్నటిది కాదు. చేపల చెరువులును, గుర్రపుడెక్కయు ఆ సరస్సును ఏమి చేసినవో, 2006లో చెరువు గట్లను తెగగొట్టిన పిదప ఏమైనదో అది వేరు కథ. ఆ కోపమును ఈ వ్యాసములోనికి తేను.

ఇక వేగము. తేలిపోక నీటిని త్రోసికొనిపోవు బరువునావకు ప్రకృతి విధించిన హద్దొకటి కలదు. నీటిమట్టమువద్ద దాని పొడవును అడుగులలో కొలిచి, వర్గమూలము తీసి, 1.34తో గుణించినచో, గంటకు ఎన్ని నాటికల్ మైళ్ళు పోగలదో ఇంచుమించుగా తెలియును. 30 అడుగుల నావకు నీటిమట్టపు పొడవు 25 అడుగులనుకొందము, హద్దు 6.7 వచ్చును. 42 అడుగులదానికి 35 అనుకొందము, 7.9 వచ్చును. వారాంతమున విహారమునకు బయలుదేరినవాడు దినమునకు 30 మైళ్ళు పోవుననుకొన్నను, గాలి నిండుగా వీచుచుండగా రెండు నావలకును నడుమ తేడా నలుబది నిమిషములు. పెద్ద నావవాడు ముందుగా రేవు చేరి లంగరు దించి కాఫీ త్రాగి ముగించునప్పటికి చిన్న నావవాడును వచ్చి చేరును. దీనినే వేగమని పొగడుచున్నారు!

ఈ నలుబది నిమిషముల వెల యెంతయో ఎవరును లెక్కకట్టరు. పన్నెండడుగులే గదా తేడా యని అనుకొందురు. ఆకృతి మారక పొడవు 1.4 రెట్లయినచో, తెరచాప వైశాల్యము ఆ సంఖ్య వర్గమును బట్టి ఇంచుమించు రెండింతలగును. బరువు ఘనమును బట్టి 2.7 రెట్లగును, వేగపు హద్దు మాత్రము వర్గమూలమును బట్టి 1.2 రెట్లైనను కాదు. ధర బరువు వెంబడి నడుచునుగాని వేగము వెంబడి నడువదు. రేవులో కట్టుబడి రుసుము అడుగుల లెక్కన, అడుగున పూయు రంగు వైశాల్యపు లెక్కన, తెరచాపలు, మోకులు, యంత్రము బరువు లెక్కన పెరుగుచు పోవును. వీనితోపాటు పెరుగని వస్తువు ఒక్కటే కలదు: యజమానుని భుజబలము. ఏబదియేండ్ల మనుష్యుడు 42 అడుగుల నావ కొన్న మరునాడు 1.4 రెట్ల మనుష్యుడు కాడు.

లంగరు నొకదానిని తీసికొని చూడుడు. చిన్న నావకు 12 కిలోల లంగరును, 8 మిల్లీమీటర్ల గొలుసును సామాన్యముగా చాలును. ఆ గొలుసు మీటరునకు సుమారు కిలోన్నర తూగును. పెద్దదానికి 25 కిలోల లంగరు, 10 మిల్లీమీటర్ల గొలుసు కావలెను. అది మీటరునకు రెండుంబావు కిలోలు. 12 మీటర్ల నీటిలో లంగరు అడుగువిడిచి వ్రేలాడునప్పుడు మొదటివాని చేతిలో ముప్పది కిలోలు, రెండవవాని చేతిలో ఏబదికి మించి యుండును. ముప్పది కిలోలను నడుము పట్టియున్న మనుష్యుడు తిట్టుకొనుచునైనను ఎత్తగలడు. ఏబదింటిని అర్ధరాత్రి, గాలి మారి, నావ ఒడ్డువైపునకు కొట్టుకొనిపోవుచుండగా, ఊగుచున్న ముక్కుపై నిలిచి ఎత్తువాడు అరుదు. దీనికి విద్యుద్యంత్రమున్నదని ఉత్తరమిత్తురు. లంగరెత్తుటకొక యంత్రము, తెరచాప చుట్టుటకొక యంత్రము, ముక్కును ప్రక్కకు త్రోయుటకొక యంత్రము. వీని సాయమున దంపతులిద్దరే ఎంత నావనైన నడుపవచ్చునని. యంత్రములు పనిచేసినన్నాళ్ళు అది నిజమే. కాని ఉప్పుగాలిలో రాగితీగ పచ్చబడుననియు, బ్యాటరీ నీరసించుననియు, ఇవి సామాన్యముగా గాలిలేని మధ్యాహ్నమున గాక నావ మిక్కిలి ఒరిగి దులుపుచున్న వేళనే జరుగుననియు ఏ కళాసినడిగినను చెప్పును. యంత్రము చెడిన క్షణమున చేతితో చేయలేని పని యెంతయున్నదో నావ అంత మేరకు యజమానునికి పెద్దది. నావలను పోల్చుటకు అడుగులకంటె ఈ కొలత నమ్మదగినది.

భద్రత విషయమున ప్రతిపక్షమునకు బలమైన ఆధారమున్నది. దానిని దాచుట న్యాయము కాదు. నావ ఒరుగక తిరిగి నిలద్రొక్కుకొను శక్తి పొడవు నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. అనగా మన రెండు నావలలో పెద్దదానికి అది ఇంచుమించు 3.8 రెట్లు. పోరాడవలసిన తెరచాప రెండింతలే పెరిగినది గనుక పెద్ద నావ నిశ్చయముగా స్థిరమైనది. 1979 ఆగస్టులో ఇంగ్లండునకు పడమట ఫాస్ట్‌నెట్ పందెపు నావలు తుపానులో చిక్కినప్పుడు 303 నావలు బయలుదేరగా పదునైదుగురు పందెగాండ్రు మృతినొందిరి. ఎక్కువ దెబ్బతిన్నవి చిన్న నావలే. పెద్ద నావ పక్షమువారు ఈ కథను తరచుగా చెప్పుదురు, కాని సగములో ఆపివేయుదురు. మనుష్యులు విడిచిపోయిన నావలు 24. వానిలో మునిగినవి 5 మాత్రమే, మిగిలిన 19 తరువాత తేలుచునే దొరకినవి. అతిచిన్న నావల తరగతిలో గమ్యము చేరినది ఒక్కటే: అసెంట్ అను 32 అడుగుల కాంటెస్సా. దానితోడి నావలు పొడవులో దానికి చాల దూరమువి కావు. దాని శరీరము సన్ననిది, అడుగున బరువు మిక్కిలి, బోర్లపడినచో త్వరగా లేచు స్వభావము కలది. ఆనాడు పందెములకై కట్టిన వెడల్పైన తేలిక నావలలో కొన్ని తలక్రిందులై కొంతసేపు అటులనే నిలిచిపోయినవి. కావున కొనబోవువాడు అడుగవలసినది నావ యెంత పొడవని కాదు, బరువులో ఎంత పాలు అడుగున సీసమై యున్నదని, ఏ కోణమువరకు ఒరిగి తిరిగి లేచునని. ఈ ప్రశ్నకు బదులు లేని 42 అడుగుల నావకంటె బదులున్న 30 అడుగులది మేలు.

సముద్రము మొత్తమును చుట్టివచ్చిన చిన్న నావలు లేవా? 1968 జూనులో బయలుదేరి, 312 దినములు ఎచ్చటను ఆగక, ఏకాకిగా భూమిని చుట్టి 1969 ఏప్రిల్‌లో తిరిగివచ్చిన రాబిన్ నాక్స్-జాన్స్టన్ ఎక్కిన సుహైలి 32 అడుగులది. అది మన దేశపు టేకుతో బొంబాయిలో కట్టిన నావ. మన నావికుడు అభిలాష్ టామీ 2018లో దాని నమూనాపైనే కట్టిన తురీయతో భూప్రదక్షిణపు గోల్డెన్ గ్లోబ్ పందెమునకు పోయి, హిందూమహాసముద్రమున కొయ్య విరిగి, వెన్ను దెబ్బతిని, రక్షింపబడినాడు కదా యని ఎదురు ప్రశ్న వచ్చును. నిజమే. అయితే అతడు మరల 2022లో బయలుదేరి రెండవవాడుగా గెలిచిన నావ 36 అడుగులది. మొదటి స్థానము పొందిన కిర్స్టెన్ నోయ్‌షేఫర్ నావయు 36 అడుగులదే. ఆ పందెపు నియమమే 32 మొదలు 36 అడుగులవరకు. దక్షిణసముద్రమునకు చాలిన కొలత గాల్వెస్టన్‌కు చాలదనువారితో వాదించుట నా కోపిక కాదు.

పెద్ద నావలవారు చూపగల రెండు ఉదాహరణములున్నవి. మన విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి ఉన్న ఆరుగురు నౌకాదళ అధికారిణులు తారిణిపై 2017 సెప్టెంబరు మొదలు 2018 మే వరకు 254 దినములలో భూమిని చుట్టివచ్చిరి. తారిణి 56 అడుగులది. దానికి అక్కచెల్లెలైన మాదేయిపై అంతకు ముందే దిలీప్ దోందే, అభిలాష్ టామీ ఒంటిగా చుట్టిరి. ఒంటిమనుష్యుడు 56 అడుగులను నడిపినప్పుడు దంపతులిద్దరు 42 నడుపలేరా యని అడుగుదురు. వారు సంవత్సరములు శిక్షణ పొందినవారు, వెనుక నౌకాదళమున్నది, రేవు రేవున పనివారు కాచుకొనియున్నారు. అంతటి తారిణికే చుక్కాని యంత్రాంగము చెడి మారిషస్‌లో అనుకొనకుండ ఆగవలసి వచ్చినది. ఫ్రాన్సిస్ చిచెస్టర్ 1966–67లో ఒక్క సిడ్నీలో మాత్రము ఆగి ఏకాకిగా భూప్రదక్షిణము చేసిన జిప్సీమాత్ నాలుగవది 54 అడుగులది; ఆ నావ తనకు మిక్కిలి పెద్దదనియు, మొండిదనియు అతడు తిట్టెను. ఆ తిట్లు, జగత్ప్రసిద్ధుడైన నావికునివి, ఏ నావల బేరగాడును కొనువానికి వినిపింపడు.

ధర సంగతి. పాత నావలలో అడుగు లెక్కన పెద్దది చౌక యని, కావున లాభమని వాదింతురు. చౌకయగుటకు కారణము దానిని పోషింపలేని యజమానుడు విడిపించుకొనజూచుటయే. కొనువెల తగ్గినంతమాత్రమున తెరచాప వెల తగ్గదు. ఇరువది యేండ్ల నావకు కట్టవలసినది క్రొత్త తెరచాపయే. మన ప్రాంతపు గ్రామములలో గుడివాడ-కైకలూరు బాట వెంట ప్రవాసులు కట్టించిన మూడంతస్తుల మేడలను చూచినవారికి ఈ వ్యవహారము క్రొత్త గాదు: పండుగకు పదిమంది వత్తురన్న ఆశతో పది గదులు, సంవత్సరమంతయు క్రింది వసారాలో ఇద్దరు ముసలివారు, పై అంతస్తులకు తాళములు. పెద్ద నావలోని మూడవ పడకగదియు అట్టిదే. చుట్టములు వత్తురు, ఒక మాటు వత్తురు, వాంతి చేసికొందురు, మరుసటి ఏడు ఒడ్డునుండియే చేయి ఊపుదురు. చిన్నది కొనినవాడు పిదప పెద్దది కోరుననుట కొందరి విషయమున నిజమే. కాని రెండేండ్లు చిన్నదానిపై తిరిగినవానికి ఏ పెద్దది కావలెనో తెలియును. మొదటనే పెద్దది కొనినవాడు దానిని రేవునుండి కదల్చుటకే జంకును గనుక అతనికి ఆ జ్ఞానము కలుగు అవకాశమే లేదు. హుస్సేన్ సాగరముపై పిల్లలకు విద్య నేర్పువారు ఎనిమిదడుగులైనను లేని ఆప్టిమిస్టు నావలలో కూర్చుండబెట్టుదురు. అందులో చేసిన తప్పు వెంటనే ఒడలికి తడిగా తెలియును. బరువు నావలో అదే తప్పు చాలసేపు దాగి, రేవు గోడవద్ద బయటపడును.

సముద్రములపై కాపురముండి, పిల్లలను వెంటబెట్టుకొని, నెలల తిండియు నీరును మోయవలసిన సంసారికి 42 అడుగులు కావలసియుండవచ్చును. అట్టివారు నన్నడుగరు, నేనును చెప్పను. వారాంతపు విహారికి మాత్రము మరియొక చిక్కు మిగిలియున్నది. గాల్వెస్టన్ అఖాతపు సగటు లోతు ఏడడుగుల ప్రాంతము. ఓడలకొరకు త్రవ్విన కాలువ తప్పిన తక్కిన మేరలో 42 అడుగుల నావ, దాని అడుగు రెక్క ఆరడుగులు దిగియుండగా, పలుచోట్ల బురదను దున్నుచు పోవలసినదే. నాలుగడుగుల చిల్లర దిగు చిన్న నావకు ఆ అఖాతములో చాల మేర తెరచియుండును, ప్రక్క ఏరులలో కొన్నింటితో సహా. వేసవి కొల్లేటిలో దోనెను చూచినవానికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కాని అతడు తీరము దాటగనే లోతును మరచి పొడవును తలచుచున్నాడు.

పోలిక చేయవలసిన తీరు నావల బొమ్మల పుస్తకములలో లేదు. గంటకు ఇరువది మైళ్ళ గాలియున్న దినమున రెండు నావలపైనను ఒకదాని వెంట నొకటి బయలుదేరవలెను. ఆలుమగలు ఇద్దరే, అమ్మువాడు వెంటనున్నను చేతులు కట్టుకొని కూర్చుండవలెను. నీటి నడుమ తెరచాపను సగమునకు కుదింపవలెను. విద్యుత్తు కట్టివేసి లంగరును చేతితో ఎత్తవలెను; ఒకమాటు ఆయన, ఒకమాటు ఆమె. పిమ్మట పాత్రలు మార్చుకొని, ఆమె చుక్కాని పట్టి, ప్రక్కగాలిలో నావను తన కట్టుగొయ్యల నడుమకు తేవలెను. దీనికి అమ్మువాడు సమ్మతింపనిచో బేరము మానుకొని వేరొక రేవునకు పోవచ్చును. 30 అడుగుల పాత నావలకు ఆ తీరమున కొదువ లేదు.